పైవన్నీ

మరుగుజ్జు గెలాక్సీ అనే మాట ఆ వారం అశోక్ నగర్‌లో మిర్చి బజ్జీ కంటే ఎక్కువగా చెల్లింది. ఏ టీ బండి దగ్గర నిలబడినా అదే గొడవ. జిరాక్స్ షాపతను నా కాగితాలు తీస్తూ, "మేడమ్, మరుగుజ్జు గెలాక్సీకి ఆన్సర్ ఒకటా, నాలుగా?" అని అడిగాడు. అతనికి అప్పటిదాకా గెలాక్సీ అంటే ఫోన్.

నేను ఆ గెలాక్సీల మీద తొమ్మిదేళ్లు పనిచేసినదాన్ని. ఆ తొమ్మిదేళ్లలో గానీ ఆ తర్వాత గానీ, చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఒక్కరు కూడా అవేంటని అడిగిన పాపాన పోలేదు. జాతకాలు చూసే చదువేదో చదివానని మా బంధువుల నమ్మకం. పేరుకు ముందు డాక్టర్ అని ఉంది కాబట్టి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బుగ్గయ్య మోకాళ్ల నొప్పికి మాత్ర అడుగుతాడు. నారాయణగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. అక్కడ పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే, ఇది పరీక్షలో వస్తుందా అని.

ఇప్పుడు పరీక్షలో వచ్చింది. అందుకని అందరికీ ఆకాశం గుర్తొచ్చింది.

రాష్ట్రంలో పెద్ద ఉద్యోగాలకు పెట్టే పరీక్ష అది. ప్రశ్న కింద నాలుగు జవాబులిచ్చి ఒకదానికి బబుల్ దిద్దమంటారు. ఇక్కడ దాన్ని బిట్టు అంటారు. మనిషి బుర్రలో పట్టే జ్ఞానమంతా బిట్టంత ఉంటే చాలని ఈ పేట ఎప్పుడో తీర్మానించుకుంది. ఈసారి వచ్చిన బిట్టు ఇది. మరుగుజ్జు గెలాక్సీలలో ఒక్కసారిగా పెద్ద ఎత్తున నక్షత్రాలు పుట్టడానికి కారణం ఏది? ఒకటి, పక్క గెలాక్సీ ఆకర్షణ. రెండు, బయటి నుంచి కొత్త వాయువు వచ్చి పడటం. మూడు, సొంత నక్షత్రాల పేలుళ్లకు బయటికి పోయిన వాయువు తిరిగి వెనక్కి పడటం. నాలుగు, పైవన్నీ. పరీక్ష పెట్టినవాళ్లు కొన్నాళ్లకు ప్రాథమిక కీ విడుదల చేశారు. దాని ప్రకారం సరైన జవాబు ఒకటి.

అది తప్పు. మూడూ కారణాలే. నా ఇంట్లో పనిచేసే ఫ్యాను మీద ఒట్టేసి చెప్పగలను.

మా ఇల్లు సిటీ సెంట్రల్ లైబ్రరీ వెనక సందులో, పై అంతస్తు. ఇంకొన్ని మెట్లెక్కితే టెర్రస్ మీద మాదే ఒక గది ఉంది. అందులో రచన అనే అమ్మాయి కిరాయికి ఉంటుంది. వనపర్తి దగ్గరి పిల్ల. బి.కాం. చదివి ఈ ఉద్యోగాల కోసం వచ్చింది. తెల్లారగానే లైబ్రరీకి పోయి చోటు పట్టుకుంటుంది. లైబ్రరీ పుస్తకం ఒక్కటి కూడా ముట్టకుండా లైబ్రరీలో ఏళ్ల తరబడి చదివే జాతి ఒకటి మా పేటలో తయారైంది. సొంత పుస్తకాలు, సొంత నీళ్ల సీసా, కిందేసుకోవడానికి సొంత దిండు. లైబ్రరీతో వాళ్లకున్న సంబంధమల్లా కుర్చీ. చుట్టూ అల్మారాల నిండా ఉన్న పుస్తకాలు గోడలే అనుకుంటారో ఏమో. ఆ జాతిని చూస్తే నాకు చిరాకు. రచనని చూస్తే ఆ చిరాకు కొంచెం తక్కువ.

ఈ ఏడాదితో ఆమెకు వయసు దాటిపోతుంది. ఇంకో నోటిఫికేషన్ వచ్చినా అర్హత ఉండదు. రాస్తే ఇదే ఆఖరు పరీక్ష, వస్తే ఇదే ఉద్యోగం.

కీ వచ్చిన సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి రచన మా గుమ్మం పక్క మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోన్ ఉంది గానీ చూడటం లేదు.

"ఏంది రచనా, లోపలికి పోకుండ ఇక్కడ కూసున్నవ్?"

"ఒక్క బిట్టు మేడమ్," అంది. "మిగతావన్నీ లెక్క చూసుకున్న. ఈ ఒక్కటి నాకు కలిస్తే కటాఫ్ దాటుత. కలవకుంటే దాటను."

"ఏ బిట్టు?"

చూపించింది. నేను తలుపు తాళం తీయడం మర్చిపోయి అక్కడే నిలబడి చదివాను.

"నువ్వు ఏం పెట్టినవ్?"

"నాలుగు. పైవన్నీ."

సిగ్గు లేకుండా చెప్తున్నాను, అప్పుడు కలిగినంత గర్వం నాకు పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చిన రోజున కూడా కలగలేదు. ఎందుకంటే ఆ జవాబు నేను చెప్పిందే.

కిందటి ఎండాకాలం ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఇంట్లో ఉడికిపోతుంటే నేను టెర్రస్ మీదికి పోయాను. రచన పిట్టగోడ దగ్గర కూర్చుని ఏదో సమితి ఏ సంవత్సరంలో పుట్టిందో వల్లె వేస్తోంది. ఆ వల్లింపు భరించలేక పుస్తకం మూయించి నా గెలాక్సీ గురించి చెప్పడం మొదలుపెట్టాను.

మన పాలపుంత లాంటి పెద్ద గెలాక్సీలు ఏటికేడు నిదానంగా నక్షత్రాలను కంటూ పోతాయని చెప్పాను. మరుగుజ్జు గెలాక్సీకి ఆ నిలకడ లేదు. కోట్ల సంవత్సరాలు దాదాపు చడీచప్పుడూ ఉండదు, ఉన్నట్టుండి నక్షత్రాలు గుంపులు గుంపులుగా పుడతాయి. పక్కనుంచి పెద్ద గెలాక్సీ ఏదైనా పోతూ లాగితే, లోపలి వాయువు కలతబడి ఒకచోట ముద్దకట్టి నక్షత్రాలవుతుంది. పక్కన ఎవరూ లేకపోయినా బయటి నుంచి చల్లటి వాయువు వచ్చి పడితే అవుతుంది. అదీ లేకపోతే తన కడుపులోంచే వస్తుంది. పుట్టిన నక్షత్రాల్లో భారీవి త్వరగా పేలిపోతాయి. చిన్న గెలాక్సీకి పట్టు తక్కువ కాబట్టి ఆ పేలుళ్లకు వాయువు బయటికి తోసుకుపోతుంది, పుట్టుకలు ఆగిపోతాయి. చాలాకాలానికి ఆ వాయువు చల్లారి వెనక్కి పడితే మళ్లీ పుట్టుకలు.

"చిన్న గిన్నెల పాలు కాస్తే చూడు," అన్నాను. "పొంగుతయి, పక్కకు తీస్తే కూసుంటయి, మల్ల పెడితే మల్ల పొంగుతయి. పెద్ద గంగాళంల పోస్తే ఆ హడావిడి ఉండదు."

నేను పనిచేసిన గెలాక్సీకి పేరు కూడా లేదు, పట్టికలో ఒక నంబరు. దాని చుట్టుపక్కల ఇంకో గెలాక్సీ లేదు. అయినా అది పొంగింది, చల్లారింది, మళ్లీ పొంగింది. నా పీహెచ్‌డీ గైడు ఒప్పుకోలేదు. పక్కన ఎవరో ఉండే ఉంటారు, నీకే వెతకడం రాలేదు అన్నాడు. ఆయన కోసం ఏళ్లు వెతికాను. పూణె దగ్గరి రేడియో టెలిస్కోపు కోసం అర్జీలు పెట్టి, వరుసలో నిలబడి, ఆ మూల ఆకాశమంతా గాలించాను. ఎవరూ లేరు. తన వాయువు తన మీద పడి అది తానే పొంగిందని తేల్చాను. నా జీవితంలో చేసిన పని ఏదైనా ఉంటే అది ఇదే.

ఇదంతా ఆ సాయంత్రం కరెంటు వచ్చిన తర్వాత కూడా చెప్తూనే ఉన్నాను. రచన కదలకుండా కూర్చుని విన్నది. అది ఇప్పుడు ఇలా పరీక్షలో దిద్దిన బబుల్ అయి తేలింది. ఈ పేటలో ఒక్కతి విన్నది, విన్నది కాబట్టి సరైన జవాబు పెట్టింది, సరైన జవాబు పెట్టింది కాబట్టి ఆమె ఉద్యోగం పోతోంది. నాకు ఒళ్లు మండింది.

"అభ్యంతరం పెడదాం," అన్నాను. "నేను రాస్త. నా పరిశోధన వ్యాసం జోడిస్త. ఈ దేశంల ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకంటే ఎక్కువున్నోళ్లు ఎంతమంది ఉంటరో చూద్దాం."

రచన మెల్లగా, "ఒక్కరు పెడితే చూడరు మేడమ్. శ్రీరామమూర్తి సార్ కూడా పెడితే చూస్తరు. సార్ మాట అంటే వేలమంది పెడతరు. మీరు జర సార్‌తోని మాట్లాడుండ్రి," అంది.

అశోక్ నగర్‌లో శ్రీరామమూర్తి అంటే ఎవరో చెప్పక్కర్లేదు, గోడలన్నీ ఆయన మొహమే. తణుకు నుంచి చరిత్రలో ఎం.ఏ. పట్టాతో వచ్చి, ముందు బిట్ బ్యాంకులు అచ్చేసి, తర్వాత కోచింగ్ సెంటర్ తెరిచాడు. అందులో చరిత్ర దగ్గర్నుంచి రాకెట్ల దాకా ఆయనే చెప్తాడు. రచన కూడా అక్కడే చేరింది. ఉద్యోగం వచ్చిన పిల్లల ఫొటోలు బోర్డు మీద బఠాణీ గింజలంత ఉంటాయి, మధ్యలో ఆయన ఫొటో గుమ్మడికాయంత. ఆయన బిట్ బ్యాంకు చంకలో లేకుండా ఆ పేటలో ఒక్కడు కనబడితే వాడు దారి తప్పి వచ్చాడని అర్థం. ఆ పుస్తకంలోనే ఉంది ఈ బిట్టు, అక్షరం మారకుండా, జవాబు ఒకటి అని. ప్రశ్న తయారుచేసిన మహానుభావుడు అక్కణ్నుంచే ఎత్తుకున్నాడని నాకు అనుమానం కూడా లేదు. చుట్టూ చూసి రాయడం ఒక్క పిల్లలే చేస్తారనుకోవడం మన అమాయకత్వం.

అలాంటి మనిషి గుమ్మం తొక్కుతానని నేనెప్పుడూ అనుకోలేదు. రచన కోసం, రచననే వెంటబెట్టుకుని తొక్కాను.

సెంటర్ మెట్ల నిండా చెప్పులు. పైన హాల్లో వందలమంది ఒకే గొంతుతో ఏవో సంవత్సరాలు అప్పజెబుతున్నారు. ఆయన గదిలో మాత్రం చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. మర్యాదకు లోటు లేదు, అదే నాకు మరీ ఒళ్లు మండే సంగతి.

"రండి మేడమ్ గారూ, కూర్చోండి. మీరొస్తారని అమ్మాయి చెప్పిందండి. టీ తెప్పించమంటారా?"

"టీ వద్దండి. ఆ మరుగుజ్జు గెలాక్సీ బిట్టుకు మీ పుస్తకంలో జవాబు తప్పు రాసిన్రు. పరీక్ష పెట్టినోళ్లు మీ దగ్గర్నుంచే ఎత్తిన్రు."

"ఎత్తారంటే మాకు గర్వకారణమే కదండీ," అని నవ్వాడు. "మా బ్రోచర్‌లో వేసుకుంటాం."

నేను మూడు కారణాలూ చెప్పాను. నా గెలాక్సీ సంగతి చెప్పాను. పక్కన ఎవరూ లేకుండా ఎలా పొంగిందో చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా, మంచి విద్యార్థిలాగా తల ఊపుతూ విన్నాడు.

"మీరు చెప్పింది నిజమే అయ్యుంటుందండి," అన్నాడు చివరికి. "నేను కాదనను. కానీ మేడమ్ గారూ, మూడు కారణాలు రాస్తే పిల్లలు మూడూ మర్చిపోతారు. ఒకటి రాస్తే ఒకటైనా గుర్తుంటుంది. అందులోనూ పక్కవాడి వల్లే జరిగిందని చెప్పామనుకోండి, మనవాళ్లు ఇట్టే నమ్ముతారు, ఇట్టే గుర్తుపెట్టుకుంటారు. నక్షత్రాలు తమంతట తామే పుట్టాయంటే ఎవరికి ఎక్కుతుందండీ?"

"అయితే నిజం ఎవరు చెప్పాలె?"

"మీ కాలేజీలో మీరు చెప్పండి. మా దగ్గరికొచ్చేవాళ్లు ఉద్యోగం కోసం వస్తారు." టేబుల్ మీద పేపర్ వెయిట్ కొంచెం జరిపి పెట్టాడు. "మా పిల్లలంతా ఒకటి పెట్టారు. ఇప్పుడు నేను అభ్యంతరం పెట్టి ఆ మార్కు పోగొట్టాననుకోండి, రేపు మా గేటు ముందే ధర్నా చేస్తారు. మీరైనా వద్దనే అంటారు."

నాకు ఆగలేదు. "మీ పిల్లలు పుస్తకంల ఉన్నదని ఒకటి పెట్టిన్రు. ఈ పిల్ల విషయం అర్థం చేసుకుని నాలుగు పెట్టింది. అర్థమైన పిల్లకు ఉద్యోగం పోవాలె, వల్లె వేసిన మందకు రావాలె. ఇదేనా మీ చదువు?"

శ్రీరామమూర్తి నా వంక చూడలేదు. రచన వంక చూశాడు. కోపంగా కాదు, కొంచెం జాలిగా కూడా.

"అర్థం చేసుకుని పెట్టిందా అండీ? రచనా, మన మూడో సూత్రం ఏంటో మేడమ్ గారికి చెప్పమ్మా."

రచన తల దించుకుంది. ఆయనే చెప్పాడు. "తెలియని బిట్టులో పైవన్నీ కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా పైవన్నీ పెట్టేయాలి. చేరిన మొదటి రోజే చెప్తామండి. ఎక్కువసార్లు తగులుతుంది. ఈ అమ్మాయికి ఒంట్లో బాగోక సైన్స్ క్లాసులకు సరిగ్గా రాలేదు, ఆ పేజీలు చూసుకోలేదు. చూసుంటే హాయిగా ఒకటి పెట్టి మార్కు తెచ్చుకునేది. ఇందులో మీరన్న అర్థం చేసుకోవడం ఏమీ లేదండి."

హాల్లోంచి సంవత్సరాల పాట వినబడుతూనే ఉంది. నేను లేచాను. ఆయన కూడా లేచి గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

అశోక్ నగర్ నుంచి చిక్కడపల్లి చౌరస్తా దాకా మేమిద్దరం నడిచే వచ్చాం. బస్సులు, ఆటోలు, పండ్ల బండ్లు, ఫుట్‌పాత్ మీద పాత బిట్ బ్యాంకుల గుట్టలు. లైబ్రరీ గేటు దాటాక అడిగాను.

"ఆయన చెప్పింది నిజమేనా?"

"నిజమే మేడమ్. నాకు తెల్వలే. పైవన్నీ కనబడ్డది, పెట్టిన."

"మరి టెర్రస్ మీద నేను చెప్పింది?"

"గుర్తు లేదు మేడమ్."

"అంతసేపు కూసుని విన్నవ్ కద."

రచన అబద్ధం ఎలా చెప్పాలో తెలియక నిజమే చెప్పింది. "మీకు చెప్పుకోనీకె ఎవరూ లేరు కద మేడమ్. మస్తు ఖుషీగ చెప్తుంటిరి. నడుమల లేచి పోతే మంచిగుండదని కూసున్న."

నన్ను చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఈ పేటలో అందరినీ నేను జాలి కూడా లేకుండా చిన్నచూపు చూస్తూ వచ్చాను. వల్లె వేసేవాళ్లు, బోర్డుల మీద మొహాలు, కుర్చీ కోసం లైబ్రరీకి పోయేవాళ్లు. వాళ్లలో ఒకతి నా మీద జాలిపడి ఒక సాయంత్రం దానమిచ్చింది, నేను దాన్ని శిష్యరికం అనుకుని ఉబ్బిపోయాను. ఎండాకాలం నుంచి అదే తలుచుకుంటూ బతికాను. వెధవ బతుకు అనిపించింది, నాదే.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అభ్యంతరం పంపాలా, మానాలా? మానేస్తే శ్రీరామమూర్తి నవ్వుతాడు. పంపితే ఏమీ తెలియకుండా దిద్దిన బబుల్‌కి నా తొమ్మిదేళ్లు సాక్ష్యం పలకాలి. రచన మార్కు ఆ మంద మార్కు కంటే ఒక్క పిసరు కూడా పవిత్రం కాదు. కానీ జవాబు జవాబే. ఎవరు దిద్దారన్నది చూసి గెలాక్సీ తన పద్ధతి మార్చుకోదు. పంపాను. ఏం రాయాలో అంతా రాసి, నా వ్యాసం జోడించి, పేరు ముందు డాక్టర్ అని పెట్టి మరీ పంపాను. రచనతో మాత్రం ఆ తర్వాత అవసరమైనవి తప్ప మాట్లాడలేదు. ఆమె మెట్లెక్కే చప్పుడు వినబడితే టీవీ గట్టిగా పెట్టుకునేదాన్ని.

వానాకాలం వెళ్లాక తుది కీ వచ్చింది. జవాబు ఒకటి. మార్పు లేదు. నా అభ్యంతరానికి రెండు వాక్యాల సమాధానం పంపారు. సమర్పించిన ఆధారం ఒకే ఒక్క గెలాక్సీకి సంబంధించినది, అన్నిటికీ వర్తిస్తుందని చెప్పలేము. ప్రచారంలో ఉన్న పుస్తకాల ప్రకారం కీ సరైనదే. ప్రచారంలో ఉన్న పుస్తకాలంటే ఏ పుస్తకమో మా జిరాక్స్ షాపతను కూడా చెప్తాడు. అయితే మొదటి వాక్యం రాసినవాడు ఎవడో గానీ మరీ మూర్ఖుడని అనలేను, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. నా గైడు కూడా ఇదే మాట అనేవాడు, ఒక్కదాన్ని పట్టుకుని ఊగకు అని.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఎంపికైనవాళ్ల జాబితా వచ్చింది. రచన లేదు. ఒక్క మార్కు. బుగ్గయ్య వచ్చి చెప్పాడు, "పైన పిల్లకు రాలేదంట మేడమ్," అని. వెళ్లి ఓదార్చాలని తెలుసు. ఏమని ఓదార్చాలో తెలియలేదు. నేను చేసిన సాయం ఆమెకు అక్కరకు రాలేదు, అక్కరకొచ్చే సాయం నాకు చేతకాలేదు.

గది ఖాళీ చేస్తానని ఆమే వచ్చి చెప్పింది.

"ఊరికి పోతవా?"

"లేదు మేడమ్. మూర్తి సార్ పిలిచిండు. సైన్స్ బిట్లు రాసే పని ఇస్తనన్నడు. హాస్టల్ల ఉండొచ్చట."

నా నోరు ఊరుకోలేదు. "బి.కాం. చదివి సైన్స్ బిట్లు రాస్తవా?"

"సార్ హిస్టరీ చదివి సైన్స్ చెప్తుండు కద మేడమ్," అంది. ఎగతాళి కాదు, ఉన్నమాట చెప్పింది. అంతకంటే గొప్ప తిట్టు నేను కూడా తయారు చేయలేను.

ఆదివారం పొద్దున సామాను దింపుకుంది. పెద్దగా ఏమీ లేదు, పరుపు చుట్ట, పుస్తకాల అట్టపెట్టెలు, గ్యాస్ పొయ్యి. బుగ్గయ్య పట్టుకుపోయి ఆటోలో పెట్టాడు. ఆఖరున భుజానికి బ్యాగు వేసుకుని తాళంచెవి ఇవ్వడానికి మా గుమ్మం దగ్గరికి వచ్చింది. నేను తాళంచెవి తీసుకుని, మంచిది అన్నాను. తలుపు వేయబోతుంటే, "మేడమ్, ఒకటి అడగనా?" అంది.

గదికి ఇచ్చిన అడ్వాన్సు సంగతేమో అనుకున్నాను.

"చిన్న గిన్నెల పాలు పొంగుతయి, కూసుంటయి, మల్ల పొంగుతయి అన్నరు కద. మీ గెలాక్సీ పక్కన ఎవ్వరూ లేకుండనే."

నేను తలుపు వదిలేశాను. "గుర్తు లేదన్నవ్."

"ఆ రోజు లేకుండె. లిస్టు వచ్చినంక టెర్రస్ మీద కూసుంటే యాదికొచ్చింది. కొంచెం కొంచెం వచ్చింది, మొత్తం రాలె." భుజం మీది బ్యాగు సర్దుకుంది. "నక్షత్రాలు పేలితే గాలి బయటికి పోయింది, అది వెనక్కి వస్తే మల్ల నక్షత్రాలు పుట్టినయి అన్నరు. మంచిగనే ఉంది. మరి మొదటిసారి పేలనీకె నక్షత్రాలుండాలె కద మేడమ్. అప్పుడు వెనక్కి వచ్చే గాలి లేదు. పక్కన ఎవరూ లేరంటిరి. మొదటి మంట ఎవరు పెట్టిన్రు?"

నా గైడు ఆ ప్రశ్న అడగలేదు. ఆయన పక్కింటివాణ్ని వెతుక్కుంటూ రిటైరైపోయాడు. నా పరీక్షకులు అడగలేదు. వాళ్లకు భోజనం టైమైంది. తొమ్మిదేళ్లు నేను ఆ ప్రశ్న చుట్టూ తిరిగి, దాన్ని ఎటునుంచి పట్టుకోవాలో తెలియక, రెండో పొంగు దగ్గర్నుంచి కథ మొదలుపెట్టుకున్నాను. లోకంలో ఎవరూ గమనించలేదు.

"మూర్తి సార్‌కు బిట్టు కోసమా?" అన్నాను. అడిగాక సిగ్గేసింది.

"కాదు మేడమ్. ఉత్తగనే."

"నాకు తెల్వది రచనా," అన్నాను. "బయటి వాయువు వచ్చి పడిందని కొందరంటరు. ఎప్పుడో ఎవరో పక్కనుంచి పోయి ఉంటరు, ఇప్పుడు కనబడేంత దగ్గర లేరు అని కొందరంటరు. నాకైతే నిజంగ తెల్వది."

రచన నా మొహంలోకి కాసేపు చూసింది. పెదవి చివర ఎక్కడో నవ్వు మొదలైంది.

"తెల్వకుంటే పైవన్నీ, మేడమ్."

నేను నవ్వాను. ఆ సూత్రానికి నవ్వుతానని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్లను కూడా నా తిట్ల జాబితాలో వేసేదాన్ని. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, దాచుకోలేదు.

కింద ఆటో అతను హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. పోతున్నదనుకున్నాను. రచన బ్యాగు భుజం మీంచి దించి గోడకు ఆనించింది. కీ వచ్చిన రోజు కూర్చున్న మెట్టు మీదే కూర్చుంది.

"మీకు తెలిసినకాడికి చెప్పుండ్రి," అంది. "మొదట్నుంచి."

హారన్ మళ్లీ మోగింది. సామాను దింపేసి ఆటోని పంపించేయమని కింద ఉన్న బుగ్గయ్యకు నేనే కేకేసి చెప్పాను.